సాక్షికి నకలు లేదు

(ఆర్మూర్. 1992 మార్చి, ఆదివారం మధ్యాహ్నం. వకీలు ప్రహ్లాద్ ఇంటి ముందరి గది. పసుపు గోదాములో కూలి చేసే ఎస్తేరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది.)

"కూసునుడు తర్వాత సారూ. ముందుగాల మీరు గా కాయిదం చదువుండ్రి."

"ఏ కాయిదం?"

"నా మీద రాసింది. మీరు రాసింది."

"చూడు ఎస్తేరమ్మా, నేను రామకిష్టయ్య సేటు వకీలును. నువ్వు ఆయన మీద సాక్ష్యం చెప్పినదానివి. ఖూనీ కేసు అది. తీర్పు ఇంకా రాలే. నువ్వు నా ఇంటికి రావద్దు. ఎవలన్న చూస్తె ప్రహ్లాద్ వకీలు సాక్షిని కొంటున్నడు అంటరు."

"ఎవలు చూడలే."

"సందు నిండ మనుషులే. ఎట్ల చూడరు?"

"చూస్తె చూడనీయుండ్రి. ఇగ నన్ను ఎవలు చూస్తె నాకేంది. చదువుండ్రి."

"సర్కారు వకీలు దగ్గరికి పో. ఆయన మీ తరపు."

"పోయిన. నువ్వు చెప్పేది చెప్పినవ్, నీ పని అయిపోయింది, ఇంటికి పో అన్నడు. కోర్టుల నకళ్లిచ్చే కాడికి సుత పోయిన. ఒక్కసారి గాదు, తిరిగి తిరిగి పోయిన. నువ్వెవలు అన్నరు. సాక్షిని అన్న. వాదనల కాయిదం బయటోళ్లకు ఇయ్యం అన్నరు. అండ్ల నా పేరున్నదట గద అయ్యా అన్న. పేరుంటె నీదైతదా అన్నరు."

"వాళ్లు చెప్పింది రూలే."

"రూలా? మరి గదే కాయిదం మార్కెట్ యార్డు ముంగట చాయ్ హోటల్ల ఎట్లున్నది సారూ? సేటు జిరాక్సులు తీపిచ్చిండు. హమాలోళ్లకు, బండ్లోళ్లకు కూసోవెట్టి చదివి వినిపిచ్చిండ్రు. ఊరందరికి ఇయ్యొచ్చు, నాకు ఇయ్యొద్దా?"

"సేటు గట్ల చేసిండని నాకు తెల్వది."

"తెల్వదా?"

"తెల్వదంటున్న గద. కక్షిదారుకు ఒక కాపీ ఇస్తం. ఆయన దాన్ని ఏం చేసుకుంటడో నాకేం తెలుసు?"

"ఎవలండీ వచ్చింది? ... అయ్యో, ఈమె మూతికేమైంది?"

"నువ్వు లోపలికి పో విమలా. కేసు సంగతి."

"నీళ్లు తాగుతవా అమ్మా? గా బల్ల మీద కూసో."

"నీళ్లు ఇయ్యుండ్రమ్మా. కూసోను. కూసుంటె మల్ల లేవస్తదో లేదో."

"పెదవి చీలింది గద. పన్ను సుత లేదు. ఎవలు కొట్టిండ్రు?"

"మా ఆయన, పెద్దులు. పెదవి నిన్నటిది. పన్ను అంతకుముందు ఊడింది. గీ ఏలు చూడుండ్రి, గిది అన్నిటికంటె పాతది. రోటి మీద పెట్టి పొత్రంతోని కొట్టిండు."

"ఎందుకు?"

"సారు రాసినందుకు."

"విమలా, లోపలికి పో అంటున్న."

"పోను. ఏం రాసిండ్రు మీరు?"

"కేసుల రాసేదే రాసిన. లిఖితపూర్వక వాదనలని ఉంటయ్. సాక్ష్యాలన్ని అయిపోయినంక మన వాదన కాయిదం మీద పెట్టి జడ్జి సాబ్‌కు ఇస్తం. గంతే."

"ఏ కేసండీ? నడిపయ్య అని గా హమాలిని సంపిన కేసా?"

"గదేనమ్మా. నేనే చూసిన. సేటు గోదాంల పసుపు కొమ్ములకు రంగు పూపిస్తుండె. నడిపయ్య గది యార్డుల రైతులందరి ముంగట చెప్పిండు. తెల్లారి సేటు ఆయన్ను గోదాంకు పిలిచిండు. నేను మూలకు కూసోని కొమ్ములు ఏరుతున్న. బస్తాలు లేపే ఇనుప కొక్కెం ఉంటది చూడుండ్రి, నడిపయ్య భుజానికి ఏసుకొని వచ్చిండు. సేటు గదే గుంజుకున్నడు. మెడల ఏసి ఎనుకకు గుంజిండు. నడిపయ్య రెండు చేతులతోటి మెడ వట్టుకొని నా దిక్కు చూసిండు. నోరు తెరిచిండు, మాట రాలే, నెత్తురొచ్చింది. పడ్డంక సుత సేటు ఆగలే. మోకాలు ఎద మీద పెట్టి..."

"ఆపు. నా ఇంట్ల గీ ముచ్చట ఎందుకు?"

"ఎందుకు ఆపాలె సారూ? బోనుల నిలవెట్టి మీరే గద అడిగిండ్రు. ఏ చేతితోని ఏసిండు, నువ్వు ఎంత దూరముంటివి, ఎలుతురు ఎంతుండె, నీ కండ్లు మంచిగ కనవడ్తయా అని."

"అడుగుడు నా పని."

"అన్ని అడిగిండ్రు. నడిపయ్యకు నాకు ఏమన్న ఉండెనా అని అడిగిండ్రా?"

"గది ఇప్పుడెందుకు?"

"చెప్పుండ్రి సారూ. అడిగిండ్రా?"

"లేదు."

"మరి కాయిదంల ఎట్ల రాసిండ్రు?"

"ఏం రాసిండ్రండీ? ఆమె అడుగుతుంది గద, చదివి చెప్పరాదు. గా అల్మారల ఎర్ర దారం ఫైలు గిదే గద?"

"ఇంగ్లీషుల ఉన్నది. ఆమెకేం అర్థమైతది?"

"తెలుగుల చెప్పుండ్రి. చాయ్ హోటల్ల తెలుగులనే చెప్పిండ్రట."

"సరే. విను, విని పో. మల్ల రావద్దు. ఇగో... 'రెండో సాక్షి ఎస్తేరమ్మ గోదాములో కూలి మనిషి. మృతుడు ఆమెకు తెలిసిన మనిషి. కాబట్టి ఆమె సాక్ష్యాన్ని జాగ్రత్తగా చూడాలి.' గంతే."

"గంతేనా?"

"గంతే."

"గింత దానికే హోటల్ల బల్లలు కొట్టి నవ్విండ్రా?"

"ఏదీ, ఇటియ్యుండ్రి."

"విమలా! అది కోర్టు కాయిదం."

"నేను సుత బీఏ చదివిన. ఇయ్యుండ్రి... 'తెలిసిన మనిషి' అని ఏడున్నది ఇండ్ల? గిట్ల లేదు."

"ఉన్నట్టే చదువుండ్రమ్మా. మీకు పుణ్యముంటది."

"'రెండో సాక్షికి మృతునితో చాలాకాలంగా అక్రమ సంబంధం ఉన్నది. ఆ సంగతి తెలిసిన ఆమె భర్త పెద్దులు మృతుని మీద పగ పెంచుకున్నాడు. హత్య అతడే చేసి ఉండే అవకాశం బలంగా ఉన్నది. భర్తను కాపాడుకోవడానికే రెండో సాక్షి, ఏ పాపం ఎరుగని నా కక్షిదారు పేరు చెప్పింది. ఇటువంటి నడవడి గల స్త్రీ...' నేను చదువ. నాతోని కాదు."

"చదువుండ్రి. ఆగొద్దు."

"'ఇటువంటి నడవడి గల స్త్రీ మాట మీద ఊళ్లో పేరున్న వర్తకుణ్ని శిక్షించడం న్యాయం కాదు.' ... కింద మీ సంతకమే. మీద కోర్టు ముద్ర."

"గదే. గా ముద్రనే."

"ముద్ర ఏంది?"

"పెద్దులు ముందుగాల నమ్మలేదమ్మా. హోటల్ల చదువుతుంటె నవ్విండట. నడిపయ్య నాకు తమ్ముని లెక్క, మీకేం పని లేదా అన్నడట. అప్పుడు వాళ్లు గా ముద్ర చూపిచ్చిండ్రు. ఆయనకు చదువు రాదు, ముద్ర తెలుస్తది. గా దినం ఇంటికొచ్చి, కోర్టు అబద్ధం రాస్తదానే అని అడిగిండు. కోర్టు రాసింది కాదయ్యా, సేటు వకీలు రాసింది అన్న. మరి ముద్ర ఎందుకేసిండ్రు అన్నడు. నాకు జవాబు తెల్వలే. జుట్టు వట్టి గోడకేసి కొట్టిండు."

"గా ముద్ర కాయిదం ఫలానా దినం ముట్టింది అని ఏస్తరు. అండ్ల ఉన్నది నిజమని కాదు."

"గీ మాట గప్పుడు ఎవలు చెప్పాలె సారూ మాకు?"

"ఇది నిజమేనాండీ? ఈమె, గా నడిపయ్య..."

"వాదన విమలా. వాదన సాక్ష్యం కాదు. జడ్జి సాబ్‌కు తెలుసు ఏది తీసుకోవాలె, ఏది ఇడిచిపెట్టాలె అన్నది."

"నేను గది అడుగలే. నిజమేనా?"

"గా ఫైలు ఇటియ్యి విమలా."

"ఎవలు చెప్పిండ్రు మీకు?"

"ఎవలు చెప్పలే."

"ఎవలు చెప్పకపోతె ఎట్ల రాసిండ్రు?"

"సేటు మీద సాక్ష్యం గట్టిగున్నది. ఇంకో మనిషిని చూపియ్యకపోతె ఉరి పడినా పడ్తది. జర అనుమానం పుట్టాలె. అనుమానం పుడితె చాలు, బయటపడ్తడు."

"పుట్టింది సారూ. మా ఇంట్ల పుట్టింది."

"బోనులనే ఎందుకు అడగకపోయిండ్రు? ఆమె మొఖాన్నే అడిగితె అయిపోవు గద."

"అడిగితె కాదంటది. కాదన్నది రికార్డుల పడ్తది. ఆఖరుకు రాసిస్తె జవాబు చెప్పేటోళ్లు ఉండరు. నేనొక్కన్నే చేస్తున్ననా గిట్ల? అందరు చేసేదే."

"జవాబు చెప్పేటోళ్లు ఉండరని తెలిసే రాసినవా?"

"నన్ను నువ్వు అంటున్నవేంది? మర్యాద..."

"నా నడవడి బాగలేదని రాసినవ్ గద. మర్యాద ఏడ నేర్సుకుంట? నువ్వు గీ ఫ్యాను కింద కూసోని రాసినవ్. నేను యార్డుల అడుగుపెడితె మొగోళ్లు కొక్కెం చూపిచ్చి, నీకు నడిపయ్య యాదికొస్తలేడా అంటున్నరు. చర్చిల ఆడోళ్లు నా పక్కకు చాప ఏస్తలేరు. నడిపయ్య పెండ్లాం వచ్చి నా వాకిట్ల మన్ను ఎత్తిపోసింది. ఆమె మొగుడు సచ్చేటప్పుడు ఆఖరుకు చూసింది నా మొఖమే. గది చెప్పెటందుకే నేను కోర్టుకు పోయిన. సేటు మనుషులు గొంతు కోస్తమని బెదిరిచ్చినా పోయిన. ఎందుకు పోయినవే అని పెద్దులు ఒక్క మాట అనలే. నా ఎంబడి బస్సుల వచ్చిండు."

"మంచోడే నీ మొగుడు."

"మస్తు మంచోడమ్మా. మెండోర నుంచి చేపలు తెచ్చి ఆయనే తోమి, ఆయనే వండేటోడు. బిడ్డకు ముండ్లు తీసి పెట్టేటోడు. గసొంటోడు గిట్లయిండు. ఎవలు పనికి పిలుస్తలేరు. ఖూనీకోరు వస్తుండని పిల్లలు ఉరుకుతున్నరు. బయట జీపు సప్పుడైతె సాలు, మంచం కిందికి పోయేటోడు. పోలీసోళ్లు నన్ను పట్కపోతరానే అని ఏడ్సేటోడు. ఏడ్సి ఏడ్సి లేచి మల్ల నన్నే కొట్టేటోడు. నిజం చెప్పు, నిజం చెప్పు అని. ఏం చెప్పాలె? నిన్న చెంబుతోని మూతి మీద కొట్టిండు. ఆఖరుకు అబద్ధం చెప్పిన, అవునయ్యా ఉండె అని. చెప్తెనన్న ఆపుతడేమో అనుకున్న."

"అయ్యో తల్లీ. ఆపిండా?"

"ఆపిండు. గమ్మున కూసున్నడు. తిననే లేదు."

"నీ కొంగుకు గదేంది? ఎర్రగున్నది."

"పసుపమ్మా."

"పసుపు ఎర్రగుంటదా?"

"సున్నం తగిలితె ఎర్రగైతది గద."

"నీ బిడ్డ ఏది? ఇంట్ల ఆయన దగ్గర ఇడిచిపెట్టి రాలేదు గద?"

"వేల్పూర్ల మా అవ్వ దగ్గర దించి వచ్చిన. పొద్దుగాల్నే పోయిన."

"పెద్దులు తోలనిచ్చిండా బిడ్డను?"

"ఇయ్యాల ఏమనలే."

"చూడు ఎస్తేరమ్మా. అయిందేదో అయింది. నేను పెద్దులుతోని మాట్లాడ్త. ఇది వట్టి వాదన, నీ పెండ్లాం మీద మచ్చ లేదు, నీ మీద కేసు రాదు అని నా నోటితోని చెప్త. సరేనా?"

"నా నోటితోని చెప్త అంటె, అబద్ధం రాసిన అని చెప్తవా?"

"గట్లనే చెప్త."

"గట్టిగ చెప్పు ఒకసారి. అమ్మ ముంగట చెప్పు."

"అబద్ధమే రాసిన. నడిపయ్యకు నీకు ఏమన్న ఉన్నదని నాకు ఎవలు చెప్పలే. ఏం లేదని నాకూ తెలుసు. చాలునా? ఏడున్నడు పెద్దులు? పిలుసుకరా."

"రాడు."

"నేనే వస్త. స్కూటర్ మీద పోదాం."

"వచ్చి ఏం చేస్తవ్. ఇయ్యాల పొద్దుగాల గొడ్డలి నూరిండు."

"గొడ్డలి ఎందుకు?"

"నేను గదే అడిగిన. ఎందుకయ్యా గొడ్డలి అన్న. ఖూనీ చేసినవని కాయిదం మీద రాసిండ్రు గదనే, ఎట్లయిన జైలుకు తీస్కపోతరు, చెయ్యకుండ ఎందుకు పోవాలె, చేసే పోత అన్నడు. మంచిగ చెప్పిండమ్మా. తాగలే. కోపం సుత లేదు. బిడ్డ తల దువ్విండు. నువ్వు బయటికి పో బిడ్డా అన్నడు."

"దేవుడా! నిన్ను నరుకుతనన్నడా?"

"ముందుగాల నన్ను. తర్వాత సారును. రాసిన చెయ్యి మొదటికి తీస్త అన్నడు."

"నన్నా? విమలా, తలుపెయ్యి. ఎనుక తలుపు సుత ఎయ్యి. ఏడున్నడు వాడు? నీ ఎంబడి వస్తుండా? అందుకే వచ్చినవా నువ్వు, వానికి తొవ్వ చూపిచ్చెటందుకు?"

"ఆయన రాడంటున్న గద. కిటికీలెందుకు మూస్తున్నవ్ సారూ, ఉడుకపోస్తది."

"స్టేషన్‌కు ఫోన్ చేస్త."

"చేద్దువు. నేనే చెయ్యమని అడుగుదామనుకున్న. జర ఆగు, ఒక్క మాట చెప్పి చెయ్యి."

"ఏం మాట? బిరాన చెప్పు."

"గీ రాసింది వాపసు తీసుకోవస్తదా?"

"వస్తదాండీ? తీసుకోవస్తదా రాదా? ఆమెకు కాదు, నాకు చెప్పుండ్రి."

"వస్తది. మెమో అని ఒకటి ఎయ్యాలె. గా పేరా మీద వాదిస్తలేను, తీసేయుండ్రి అని రాసియ్యాలె. సేటు ఒప్పుకోడు."

"సేటు ఒప్పుకోకపోతె నేను గీ ఇంట్ల ఉండ."

"సరే, సరే. రేపు పొద్దుగాల్నే ఏస్త. ఒట్టు. ఇగ జరుగు విమలా, ఫోన్ చెయ్యనీ."

"గా మెమో నకలు నాకిస్తరా?"

"ఎస్తేరమ్మా, నీకు ఎన్నిసార్లు చెప్పాలె? నువ్వు సాక్షివి. సాక్షికి అడిగే హక్కు లేదు. జడ్జి సాబ్ దయతలిచి ఇయ్యమంటె తప్ప ఇయ్యరు."

"నా మీద రాసినా?"

"నీ మీద రాసినా."

"మరి ఎవలికి ఇస్తరు?"

"ముద్దాయికి ఇస్తరు. ఎవల మీద కేసు నడుస్తదో వానికి తెల్వకుండ ఏది జరుగొద్దు. పోలీసోళ్లు రాసింది, సాక్షులు చెప్పింది, అన్ని చేతికియ్యాలె. ఫుకట్ల, పైసా లేకుండ. వకీలును పెట్టుకునే తాకత్ లేకపోతె సర్కారే వకీలును సుత ఇస్తది."

"జవాబు చెప్పనిస్తరా?"

"చెప్పనియ్యాలె. నువ్వేమంటవ్ అని జడ్జి సాబే అడుగుతడు. గది చట్టం."

"ముద్దాయి ఆడిదైనా?"

"ఆడిదైతేంది, మొగోడైతేంది? ఎందుకు అడుగుతున్నవ్ ఇదంత? గా కొంగు ఎందుకట్ల దాస్తున్నవ్?"

"ఫోన్ చెయ్యి ఇగ సారూ. పెద్దులు గొడ్డలి ఎత్తిండు, ఎస్తేరమ్మ గుంజుకున్నది, ఒక్క దెబ్బకే సచ్చిండు, గొడ్డలి ఇంట్లనే పీనుగు పక్కకున్నది అని చెప్పు. ఈ పారి నా మీద ఏం రాసినా, నా చేతికిచ్చి, నువ్వేమంటవే అని నన్ను అడగాలె."